ఒక్క సందు లేని ప్రహరీ

పొద్దున గోడ నిలబెట్టించాలి. మధ్యాహ్నానికి గేటు తెచ్చి బిగించాలి. సాయంత్రం వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ రెండింటినీ తీరిగ్గా చూసుకోవాలి. ఆ గురువారానికి వీరరాఘవయ్య వేసుకున్న ప్రణాళిక ఇంతే.

ఆయన సినిమాలకు నెగెటివ్ కటింగ్ చేసి రిటైరైన మనిషి. ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు చేతులకు తెల్ల గ్లవుజులు తొడుక్కుని, ఒక్క ఫ్రేము తేడా రాకుండా ఫిల్ము కత్తిరించాడు. పరిశ్రమతోపాటు మద్రాసు నుంచి వచ్చేసి, ఫిల్మ్‌నగర్ వాలులో బండరాళ్ళ మధ్య మూడువందల గజాలు కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఆయన వృత్తిని మింగేశాయి. ఆ కంప్యూటర్ల పుణ్యమా అనే మాదాపూర్ వైపు అద్దాల ఆఫీసులు లేచి, ఈ రాళ్ళగుట్ట బంగారమైంది. జూబ్లీహిల్స్‌లో ఎక్కడైనా ఖాళీ జాగా కనిపిస్తే తెల్లారేసరికి ఎవడో ఒకడు తన పేరుతో బోర్డు పాతుతున్నాడని విన్నప్పటినుంచీ వీరరాఘవయ్యకు కంటిమీద కునుకు లేదు.

కారణం, ఆ ఇంటికి ప్రహరీ లేదు. కింద బస్తీ వాళ్ళకు పైనున్న పెద్ద రోడ్డెక్కాలంటే దగ్గరి దారి ఆయన ఆవరణలోంచే. స్టూడియోల్లో పనికెళ్ళే సెట్టింగు మేస్త్రీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, కూరగాయల కొమురమ్మ, అందరూ అటే వెళ్ళేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ వరండాలో మంచం మీద కూర్చున్న పుష్పవల్లిని పలకరించి మరీ వెళ్ళేవాళ్ళు.

పుష్పవల్లి వీరరాఘవయ్యకు అక్క. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవయ్యో ఏటే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చి, తల్లి లేని ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది. ఇప్పుడు ఆవిడకున్న కాలక్షేపమల్లా ఆ దారిన పోయేవాళ్ళే. ఎవరి కోడలికి నెలలు నిండాయో, ఎవరి ఇంట్లో కుళాయి రావడం లేదో ఆవిడకు తెలిసినంతగా బస్తీలో ఉన్నవాళ్ళకు కూడా తెలియదు. పోయిన నెల ఎవరికీ చెప్పకుండా చేతికర్ర పుచ్చుకుని పైరోడ్డులో షూటింగు చూడ్డానికి వెళ్ళి, యూనిట్ వాళ్ళతో కలిసి భోజనం చేసి, మూడు గంటల తర్వాత ఇల్లు చేరింది. ఆ మూడు గంటల్లో వీరరాఘవయ్య రెండుసార్లు సొమ్మసిల్లాడు. ప్రహరీ పెట్టించాలన్న నిర్ణయం ఆ రోజే గట్టిపడింది.

ఎలాంటి ప్రహరీ అన్నదానిమీద మూడు వారాలు చర్చ జరిగింది. ముళ్ళతీగ వద్దంది భార్య నాగేశ్వరి, వదిన చీర చిక్కుకుంటుందని. ఇనుప జాలీ వద్దన్నాడు ఆయన, బయటివాళ్ళకు లోపలంతా కనిపిస్తుందని. ఇటుక గోడంటే నెలల తరబడి సాగుతుంది. చివరికి తిరుమలేశ్ అనే కాంట్రాక్టరు వచ్చి రెడీమేడ్ గోడ సంగతి చెప్పాడు. గాడి ఉన్న సిమెంటు స్తంభాలు పాతి, వాటి మధ్యకు పైనుంచి సిమెంటు పలకలు ఒకదానిమీద ఒకటి దించడమే.

"పొద్దుగాల షురూ జేస్తే పొద్దుమూకక ముందే అయిపోతది సార్. ఏడు ఫీట్ల ఎత్తు. పిల్లి సుత దుంకదు" అన్నాడు తిరుమలేశ్.

"మనుషులు కనబడకపోతే నాకు పొద్దెలా గడుస్తుందిరా?" అంది పుష్పవల్లి.

"గేటు పెట్టిస్తున్నాగా అక్కా. ఊచల గేటు. ఊచల్లోంచి ఊరంతా కనిపిస్తుంది."

"ఊచల్లోంచి చూడ్డానికి నేనేమైనా జైల్లో ఉన్నానట్రా?"

రాయి కొట్టి గుంతలు తీయించడం అప్పటికే మొదలైపోయింది.

గురువారం ఆరున్నరకల్లా లారీ వచ్చింది. ఎనిమిదిమంది పనివాళ్ళు స్తంభాలు నిలబెట్టి, కాంక్రీటు పోసి, పలకలు దించుతుంటే చూసి తృప్తిపడి, వీరరాఘవయ్య గేటు తేవడానికి యూసుఫ్‌గూడలో వెల్డింగు షాపుకు వెళ్ళాడు. గేటు తయారుగానే ఉంది. కానీ ఊచల మధ్య దూరం ఒకచోట నాలుగు అంగుళాలు, ఇంకోచోట నాలుగుంపావు ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫ్రేములు లెక్కపెట్టిన కన్ను దానికి ఒప్పుకోలేదు. రెండు ఊచలు కోయించి మళ్ళీ అతికించమని అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

పన్నెండున్నరకు నాగేశ్వరి ఫోను చేసింది. పక్కన కటింగు మిషను ఇనుమును కోస్తూ చెవులు గింగురుమనిపిస్తోంది.

"ఏమండీ... వదిన వెళ్ళిపోయిందండీ."

"ఆఁ? ఎవరు?"

"వదినండీ! వెళ్ళిపోయింది!"

"మళ్ళీనా? ఎటు వెళ్ళింది?"

అవతల నాగేశ్వరి భోరుమంది. తన కాపలాలో తప్పిపోయింది కాబట్టి భయపడి ఏడుస్తోందనుకున్నాడాయన. "ఏడవకు! నేను చూసుకుంటాను" అని కసిరి ఫోను పెట్టేసి, వెంటనే తిరుమలేశ్‌కు చేశాడు.

"తిరుమలేశ్, మా అక్క వెళ్ళిపోయిందయ్యా."

"అయ్యో! గిప్పుడే గద సార్ వరండల జూసిన. గింతల్నేనా?"

"ఇప్పుడే. అందుకే చెబుతున్నా, గోడ మొత్తం మూసెయ్. ఇంకెవరూ పోకూడదు ఆ ఇంట్లోంచి!"

ఒకరి తర్వాత ఒకరు పోకుండా ఏదో కట్టడి చేస్తున్నారని తిరుమలేశ్‌కు తోచింది. "సమజైంది సార్. మరి గేటు కోసం ఇడిచిన జాగ?"

"ముందు అదే మూసెయ్. ఒక్క సందు ఉండకూడదు."

వెనక్కు తిరిగి వచ్చే అక్క మళ్ళీ బయటపడకుండా ఇది తాత్కాలికమైన ఏర్పాటని వీరరాఘవయ్య ఉద్దేశం. తిరిగొచ్చిన అక్క లోపలికి ఎలా వెళ్తుందన్న ఆలోచన ఆ కంగారులో ఆయనకు రాలేదు.

అక్కడ ఇంట్లో నాగేశ్వరి, వదినగారి కాలి బొటనవేళ్ళు కలిపి కట్టి, తలవైపు దీపం పెట్టి, లోపలికెళ్ళి బంధువులకు ఫోన్లు చేసి మళ్ళీ వరండాలోకి వచ్చేసరికి గేటు చోట పలకలు నడుమెత్తు లేచాయి.

"ఇదేంటయ్యా, దారి మూసేస్తున్నారు?" అంది.

"సార్ ఫోన్ జేసి జెప్పిండమ్మా. పెద్దమ్మ పోయింది గదా, ఇంకెవ్వరు పోవద్దని మొత్తం బంద్ జెయ్యమన్నడు" అన్నాడు తిరుమలేశ్, తలపాగా తీసి చేత పట్టుకుని.

నాగేశ్వరికి ఒళ్ళు జలదరించింది. అత్తవారి వంశంలో ఇలాంటి ఆచారం ఒకటుందని నలభై ఏళ్ళ కాపురంలో ఎవరూ చెప్పలేదు. కానీ చావింట్లో ఆచారాలకు ఎదురు మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. చివరి పలక దిగుతుంటే అవతలినుంచి తిరుమలేశ్ చేతులు జోడించాడు. ముందు నడుము, తర్వాత చేతులు, చివరికి ముఖం మరుగైపోయాయి.

ఆ సమయానికి వీరరాఘవయ్య అక్కను వెతుకుతూ ఆటోలో ఫిల్మ్‌నగర్ సందులన్నీ తిరుగుతున్నాడు. బస్‌స్టాపులో అడిగాడు, టీ బంకు దగ్గర అడిగాడు, గుడి మెట్లమీద కూర్చున్న ప్రతి తెల్లచీర ముఖంలోకీ తొంగి చూశాడు. మలుపులో కొమురమ్మ కనిపించింది. ఆమె పొద్దున బయల్దేరిన మనిషి, ఇంటి దగ్గర జరిగింది తెలియదు.

"మా అక్క ఇటేమైనా వచ్చిందా కొమురమ్మా?"

"నేనైతే జూడలే సారూ. గని గా పెద్ద బంగ్లల షూటింగ్ అయితాంది. పొద్దుగాల గీడికెల్లే ముసలోళ్ళను వ్యాన్ల ఎక్కించుకపోయిండ్రు. పెద్దమ్మకు షూటింగంటే పానం గద, ఎక్కిందో ఏమో!"

వీరరాఘవయ్యకు ఇక అనుమానం లేకపోయింది.

జూబ్లీహిల్స్ బంగళా తోటలో షూటింగు జోరుగా సాగుతోంది. సెక్యూరిటీ వాడు తెలిసిన పాత ముఖమని లోపలికి వదిలాడు. ఇరవైమంది ఆడవాళ్ళు గ్లిజరిను కళ్ళతో గుండెలు బాదుకుంటున్నారు. వాళ్ళ మధ్య, వెదురు పాడె మీద, బంతిపూల దండల కింద, ముక్కులో దూది పెట్టుకుని పడుకుని ఉంది ఒక ముసలావిడ. తెల్లచీర. బక్క చెయ్యి. నెరిసిన జుట్టు చెవిమీద పడిన తీరు కూడా అదే. వీరరాఘవయ్యకు దూరపు చూపు ఆనక రెండేళ్ళయింది.

ఆయన ఏడ్చేవాళ్ళను తోసుకుని వెళ్ళి పాడె పక్కన నిలబడ్డాడు.

"అక్కా! లే! ఏంటీ అప్రాచ్యపు పని? బతికుండగా పాడె ఎక్కుతావా? ఇంటి దగ్గర నాగేశ్వరి ఏడ్చి ఏడ్చి చస్తోంది. లెమ్మంటుంటే!"

చెయ్యి పట్టి లాగాడు. శవం కళ్ళు తెరిచి ఆయన్ను చూసింది. అవి అక్క కళ్ళు కావు.

"కట్! ఎవడ్రా వాడు?" అని మైకులో కేక వినిపించింది. ఏడుపులు టక్కున ఆగిపోయాయి. తోట అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వీరరాఘవయ్య జేబులో ఫోను మోగింది. ఈసారి పక్కన ఏ మిషనూ లేదు. నాగేశ్వరి మాట ప్రతి అక్షరమూ వినిపించింది.

"ఎక్కడున్నారండీ? వదిన ప్రాణం పోయి రెండు గంటలైంది. మీరొస్తారని గుమ్మంవైపే చూస్తూ కూర్చున్నా. ఇప్పుడు చూద్దామన్నా గుమ్మం ముందు గోడ తప్ప ఏమీ లేదు."

ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత పాడె పక్కన కూలబడ్డాడు. పాడె మీది ముసలావిడ ముక్కులో దూది తీసేసి, దండలు పక్కకు జరిపి లేచి కూర్చుంది.

"ఎవురు నాయనా, అక్కనా?"

ఆయన తలూపాడు.

"ఏడువు నాయనా, ఏడువు" అంటూ ఆవిడ పసుపు పూసిన చేత్తో ఆయన వీపు నిమిరింది. చుట్టూ ఉన్న ఇరవైమందీ కొంగులతో గ్లిజరిను తుడుచుకుని కదలకుండా నిలబడ్డారు. మైకులో అరిచిన దర్శకుడు వచ్చి మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

సెట్టింగు విభాగంలో పనిచేస్తున్న వెంకటనర్సయ్య దూరంనుంచి చూసి పరుగెత్తుకొచ్చాడు. బస్తీ మనిషి. రోజూ ఆ ఆవరణలోంచే పనికి వెళ్ళేవాడు.

"పెద్దమ్మనా సారూ?" అన్నాడు. తర్వాత నలుగురు మనుషులను, ఒక నిచ్చెనను పోగుచేసి వ్యానెక్కించాడు. వీరరాఘవయ్యను కూడా చెయ్యి పట్టి ఎక్కించాడు.

ఇంటి దగ్గర దృశ్యం ఇది. వెంగళరావు నగర్ నుంచి, మధురానగర్ నుంచి వచ్చిన బంధువులు పూలదండలు పట్టుకుని గోడ చుట్టూ తిరుగుతున్నారు. పురోహితుడు సామగ్రి సంచి భుజాన వేసుకుని రెండు ప్రదక్షిణలు పూర్తిచేశాడు. లోపలినుంచి ఏడుపు వినిపిస్తోంది కానీ దారి కనిపించడం లేదు. "ఇల్లు ఇదేనా? మొన్న వచ్చినప్పుడు గుమ్మం ఇటే ఉండాలే!" అంటోంది ఒక పెద్దావిడ.

వీరరాఘవయ్య తిరుమలేశ్‌కు ఫోను చేశాడు. తిరుమలేశ్ అప్పటికే జనగామ బస్సెక్కాడు. "మీరే జెప్తిరి గద సార్, ఒక్క సందు ఉండొద్దని! మూడు దినాలు ముట్టకుండ్రి. సిమెంట్ పచ్చిగుంది. ఒక్క పలక గుంజినా మొత్తం వాలుకు జారుతది" అన్నాడు.

వీరరాఘవయ్య నిచ్చెనమీదుగా తన గోడ తనే దాటి లోపలికి దిగాడు.

పుష్పవల్లిని వరండాలో చాపమీద పడుకోబెట్టారు. ఆయన పక్కన కూర్చుని ఆమె నుదుటిమీద చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా, "ఎలా జరిగింది?" అన్నాడు.

"పొద్దున మంచం రోడ్డువైపు తిప్పమందండీ," అంది నాగేశ్వరి. "గోడ లేస్తుంటే చూస్తూ కూర్చుంది. మొదట్లో 'ఒసే నాగేశ్వరీ, మనుషులకు కాళ్ళు పోయాయే' అని నవ్వింది. తర్వాత 'ఇక తలకాయలే కనబడుతున్నాయే' అంది. ఆఖర్న 'కొమురమ్మ బుట్ట ఒక్కటే పోతోందే, కింద మనిషి లేదు' అంది. ఎండ పడుతోందని గేటు వైపుకు జరుపుతానన్నా, వద్దంది. పన్నెండింటికి మజ్జిగ కలిపి తెచ్చేసరికి..."

వీరరాఘవయ్య గోడవైపు చూశాడు. నున్నగా, నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. మోకాళ్ళలో తల పెట్టుకుని అక్కను పిలుస్తూ ఏడ్చాడు, ఎనిమిదేళ్ళ వాడిలా.

బయట పురోహితుడు గొంతు పెంచాడు. "శవాన్ని గోడమీదుగా దాటించడం కుదరదండీ! దారిలోంచే వెళ్ళాలి. పొద్దువాలేలోపు కదలాలి."

"దారి నేను జేస్త పంతులూ," అన్నాడు వెంకటనర్సయ్య. "గోడలు లేపుడు, పీకుడు, రోజూ మా పని గిదే."

గేటు చోట రెండు స్తంభాలకూ అటూఇటూ సర్వీ బాదులు ఆనించి, తాళ్ళతో బిగించి, నలుగురూ పలకలను ఒక్కొక్కటే పైకి లేపడం మొదలుపెట్టారు. కన్నీళ్ళు తుడుచుకుంటూ వచ్చిన వీరరాఘవయ్య అంత దుఃఖంలోనూ ఊరుకోలేకపోయాడు.

"జాగ్రత్తయ్యా వెంకటనర్సయ్యా. స్తంభం కదిలితే కింద ఇళ్ళమీద పడుతుంది. తర్వాత ఎక్కడి పలక అక్కడే ఉండాలి. ఎలా ఉందో అలాగే ఉండాలి."

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ. చాక్‌పీసుతో నంబర్లు ఏస్తున్న. ఎట్లున్నది అట్లనే ఉంటది" అని మాట ఇచ్చాడు వెంకటనర్సయ్య.

నాలుగున్నరకు పుష్పవల్లి ఆ దారిలోంచే బయటికి వెళ్ళింది. వీరరాఘవయ్య నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. బంధువులు పదిమందికి మించి లేరు. కానీ మలుపు తిరిగేసరికి వెనక జనం పెరిగారు. స్టూడియోల నుంచి వస్తున్న పనివాళ్ళు, గిన్నెలు కడిగిన చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళు, రోడ్డు పక్కన బుట్ట దించేసి వచ్చిన కొమురమ్మ. ఆడవాళ్ళు మలుపు దగ్గర ఆగి దండం పెట్టారు. మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ శ్మశానందాకా వచ్చారు. తన ఆవరణలోకి అడుగుపెట్టకుండా ఏడడుగుల ఎత్తున ఎవరినైతే ఆపాలనుకున్నాడో వాళ్ళే తన అక్కను మోస్తున్నారని వీరరాఘవయ్య చూశాడు. తలెత్తి వాళ్ళ ముఖాల్లోకి చూడలేకపోయాడు. రేపే గేటు తెప్పించి, పగలంతా బార్లా తెరిచి పెట్టించాలని చితి ముందు నిలబడి నిశ్చయించుకున్నాడు.

దహనం అయ్యాక మగవాళ్ళంతా శ్మశానంలో కుళాయి కింద స్నానాలు చేసి, తడిబట్టలతో తిరిగి బయల్దేరారు. శవం లేచిన చోట వెలిగించిన దీపాన్ని చూడాలి. చూసేదాకా ఇంకో ఇంటి గడప తొక్కకూడదు. పొద్దు గుంకుతున్న వేళకు, పంచెల అంచులనుంచి నీళ్ళు కారుతుండగా, పురోహితుడితో సహా పద్నాలుగుమంది ఇంటి ముందుకు చేరారు.

గోడ నిండుగా ఉంది.

వెంకటనర్సయ్య మాట తప్పే మనిషి కాదు. పలకలన్నీ నంబరు ప్రకారం దించేశాడు. అతుకుల్లో సిమెంటు పూశాడు. చాక్‌పీసు గీతలు కూడా తడిగుడ్డతో తుడిచేశాడు. రాత్రి కాల్‌షీటు ఉందని తన మనుషులను, నిచ్చెనను తీసుకుని స్టూడియోకు వెళ్ళిపోయాడు. స్టూడియోలో ఫ్లోరు మీద ఉండగా ఎవరూ ఫోనెత్తరు.

"నాగేశ్వరీ!" అని పిలిచాడు వీరరాఘవయ్య.

"వచ్చారా?" అని లోపలినుంచి గొంతు వినిపించింది. "ఎలా ఉందో అలాగే ఉంచమన్నారట కదండీ. వద్దని ఎంత చెప్పినా వినలేదు. సారుకు మాట ఇచ్చానన్నాడు."

చలిగాలికి ఎవరిదో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మధురానగర్ నుంచి వచ్చిన బావగారు రెండుసార్లు తుమ్మాడు. దీపం చూడందే కదలడానికి వీల్లేదన్నాడు పురోహితుడు. ఆయనకు కూడా చలేస్తోంది.

లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. దానిమీద ఇంకేదో పెట్టిన చప్పుడైంది. కాసేపటికి గోడ పైఅంచున నాగేశ్వరి వేళ్ళు కనిపించాయి. ఆ తర్వాత, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్న ప్రమిద. గాలికి రెపరెపలాడుతూ, ఆరకుండా వెలుగుతోంది. పద్నాలుగుమందీ తలలు పైకెత్తి, చేతులు జోడించి చూశారు. వీరరాఘవయ్య చూస్తూనే ఉండిపోయాడు. నాగేశ్వరి చేతులు నొప్పిపుట్టి వణుకుతున్నా దించలేదు.

పురోహితుడు కండువా పిండుకుని దులుపుకున్నాడు.

"దీపదర్శనం అయింది. ఇక ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళొచ్చు."

అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు, ఒక్క వీరరాఘవయ్య తప్ప.